గుండీ పువ్వుకి గ్రూప్ ఫోటో

ఆ వీధిలో బొంగరం అంటే ఎవరూ ఆటవస్తువు అనుకోరు, మూలమీది ఫోటో స్టూడియో ఆవిడ అనుకుంటారు. అసలు పేరు బోర్డు మీద ఉంది. బోర్డు చదివినవాళ్ళు కూడా లోపలికొచ్చి "బొంగరం ఉందా?" అనే అడుగుతారు. నలభై దాటినా ఆమె కాలు ఒకచోట నిలిచింది లేదు. ఆమె కుర్చీలో కూర్చోగా చూశామని చెప్పేవాళ్ళు ఇద్దరున్నారు గానీ ఇద్దరూ నమ్మదగ్గవాళ్ళు కారు. ఇంట్లో గదికీ వంటింటికీ మధ్య ఆమె నడిచీ నడిచీ గచ్చు అరిగిపోయిందని, కడిగినప్పుడు నీళ్ళు వేరే దారి వెతుక్కోకుండా ఆ గాడిలోనే పారతాయని స్వయానా ఆమె అన్నయ్య చెబుతాడు.

అలాంటి మనిషికి దేవుడిచ్చిన పని చూడండి. పొద్దున్నుంచి సాయంత్రం దాకా పదిమందికీ "కదలకండి" అని చెప్పడం. చెవులు రెండూ కనిపించాలి, గడ్డం కొంచెం పైకి, ఊపిరి బిగబట్టండి, కదలకండి. ఇదంతా చెబుతూ తను మాత్రం దీపం దగ్గర్నుంచి తెల్ల తెర దగ్గరికీ, తెర దగ్గర్నుంచి కెమెరా దగ్గరికీ కాలుగాలిన పిల్లిలా తిరుగుతుంది.

ఆ తర్వాత కంప్యూటర్ పని. అది కూడా నిలబడే. మొటిమలు, మచ్చలు, కాలర్ మీద చెమట మరకలు అన్నీ తీసిపారేస్తుంది. కళ్ళు గోడ గడియారం మీద ఉన్నా చేతులు వాటి పని అవి చేసుకుపోతాయి. టై లేనివాడికి టై, కోటు లేనివాడికి కోటు. నిద్రపోతున్న పసివాడికి కళ్ళు తెరిపించి ఇస్తే, ఆ ఫోటో చూసి వాడు ఆ రాత్రంతా మేలుకున్నాడట. ఒక బట్టతల ఆసామికి జుట్టు పెట్టి ఇస్తే, వెళ్తూ వెళ్తూ దువ్వెన కొనుక్కున్నాడట. వీటిలో ఏది నిజమో తేల్చే పని మీరు పెట్టుకోకండి. ఆ టై సంగతి మాత్రం గుర్తుంచుకోండి. దాని దెబ్బ ముందుంది.

ఇంట్లో ఉండేది ముగ్గురు. బొంగరం, ఆమె అన్నయ్య, వదిన. అన్నయ్య గడియారాలు బాగుచేస్తాడు. కంటికి భూతద్దం బిగించుకుని గసగసాలంత మరల్ని పట్టుకారుతో తీసి పెడతాడు. అద్దంలో కనిపించేదంతా ఆయనకి వేదం, అద్దానికి అవతలి ప్రపంచం పుకారు. తను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళనే రకం. ఆ కుందేలు ఎదురొచ్చి నాలుగు కాళ్ళతో తన్నినా లెక్క మార్చడు. వదిన దర్జీ కొట్టులో కాజాలు కుడుతుంది. చొక్కా తొడుక్కున్నవాడు తనంతట తను గుండీ పెట్టుకునే పని లేకుండా, గుండీయే వెళ్ళి కాజాలో దూరేంత బాగా కుడుతుందని పేరు.

ఆ వదిన ఒకరోజు కొట్టుకి వెళ్తూ ఇంటి వెనక సందులో పడిపోయింది. మణికట్టు విరిగింది, చీలమండ బెణికింది. కట్టు విప్పారు, చెయ్యి అతికింది. అతకనిది మాట.

"పువ్వు చూడ్డానికి వంగాను, పలక తూలింది, పడ్డాను," అంటుంది వదిన.

"పువ్వూ లేదు, పలక తూలడమూ లేదు. నీకు కళ్ళు తిరిగాయి," అంటాడు అన్నయ్య.

సందులో ఒక పక్కన గోడ వెంట మురుక్కాలువ, దాని మీద రాతి పలకలు. పలకకీ గోడకీ మధ్య వేలు పట్టని సందులో ఒక నీలం పువ్వు పూస్తుందనీ, అది గుండీ కంటే చిన్నదనీ, తను రోజూ దాన్ని పలకరించాకే కొట్టుకి వెళ్తాననీ వదిన వాదన. పేరేమిటో తెలీదు, గుండీ పువ్వు అని తనే పెట్టుకుంది. ఆమె పడ్డ రోజు సాయంత్రం అన్నయ్య వెళ్ళి ఆ పలక నడిమధ్య నిలబడి, రెండుసార్లు ఎగిరి చూసి వచ్చాడు. పలక బండలా ఉంది. పువ్వు ఊసే లేదు. కాబట్టి కళ్ళు తిరిగాయి. కాబట్టి ఇక ఒంటరిగా గడప దాటకూడదు. కాబట్టి కొట్టు మానెయ్యాలి. దర్జీ సోమవారం దాకా ఆగుతానన్నాడు, ఆ తర్వాత వేరే మనిషిని పెట్టుకుంటానన్నాడు.

అన్నయ్యది మొండితనం ఒక్కటే అయితే ఎలాగోలా వంచేవారు. కానీ వాళ్ళమ్మ కూడా ఇలాగే ఏదో కాలికి తగిలిందని చెప్పి, కళ్ళు తిరగడం దాచిపెట్టి, ఒకనాడు మెట్ల మీద పడి మళ్ళీ లేవలేదు. ఆ సంగతి ఆయన ఎత్తడు. ఎత్తకపోయినా ఆయన ప్రతి "వద్దు" వెనకా ఆ మెట్లే ఉన్నాయి. వదినకీ తెలుసు, అందుకే గట్టిగా అరవలేక కుమిలిపోయింది.

"అబద్ధం చెబుతున్నానంటే ఊరుకుందును బొంగరం," అంది ఒక పొద్దున. "నీకు గుర్తులేదు అంటున్నారు. నా పాటికి నేను పడ్డ పడడం కూడా నాది కాకుండా పోయింది."

బొంగరం అటు నాలుగడుగులు, ఇటు నాలుగడుగులు వేసింది. "ఒక్క పువ్వు ఫోటో కోసం ఇంత రభసా? రేపు మీరు టీ తాగేలోపు తెచ్చిస్తా, మొగుడి మొహాన కొట్టండి. పెళ్ళికూతురి ముక్కుపుడకలో పెళ్ళికొడుకు మొహం తీసి చూపించినదాన్ని నేను."

"ముందు కాసేపు నిలబడి మాట్లాడు. నిన్ను చూస్తుంటే నిజంగానే నాకు కళ్ళు తిరిగేట్టున్నాయి," అంది వదిన.

మర్నాడు పొద్దున్నే బొంగరం సందులో బోర్లా పడుకుని చూస్తే, ఉంది పువ్వు. వదిన కుట్టే కాజాలోంచి ఇటు దూరి అటు రాగలిగేంత ఉంది. ఐదు నీలం రేకులు, మధ్యలో తెల్ల చుక్క, అందులోంచి రెండు దారప్పోగులు. ఎండ గోడ పైవరస ఇటుకల మీంచి కిందికి దిగేసరికి ముడుచుకుపోతుంది. అన్నయ్య సాయంత్రం వెళ్తే ఏం కనిపిస్తుంది మరి.

లెన్స్ లోపల కంటిపాపలాంటి కన్నం ఒకటుంటుంది. అది బాగా తెరిస్తే వెలుగు పొంగుకొస్తుంది, కానీ బొమ్మలో ఒక పలచటి పొర మాత్రమే తేటగా ఉండి, దానికి ముందూ వెనకా ఉన్నదంతా కరిగిపోతుంది. కన్నం బిగిస్తే ముందున్నదీ వెనకున్నదీ తేటపడతాయి. వెలుగు చాలదు కాబట్టి కెమెరా ఎక్కువసేపు కన్ను తెరుచుకుని ఉండాలి, ఆ కాసేపూ ఏదీ కదలకూడదు. ఇదంతా బొంగరానికి కొత్తేం కాదు. కానీ మనిషి మొహానికి జానెడు లోతు చాలు. మొహాలు తీసే ఆ బారు లెన్స్‌తో పువ్వుకి ఇంత దగ్గరగా ముక్కు పెట్టేసరికి ఆ తేట పొర గోరు మందం కూడా లేదు. ఆమె ఊపిరి తీస్తే ముందు రేకు, ఊపిరి వదిలితే వెనక రేకు.

"ఏం పోగొట్టుకున్నారమ్మా?" అన్నాడు సైకిల్ మీద పాలబ్బాయి.

"ఓపిక," అంది బొంగరం లేవకుండానే.

మోకాలు దురద పెట్టింది. చీమ ఒకటి మోచేతి మీదుగా సొంత పనిమీద వెళ్ళింది. కెమెరా వైపు నుంచి "కదలకండి" అనడం ఇరవై ఏళ్ళుగా తెలుసు గానీ, ఆ మాట తనకే తగలడం ఇదే మొదలు. చివరికి కన్నం బారెడు తెరిచి, చకచకా కొన్ని కొట్టి, అందులో మంచిది ఏరి, పళ్ళెమంత సైజులో ప్రింటు తీసింది.

ఎంత అందంగా వచ్చిందంటే వదిన చేతిలో టీ చల్లారిపోయింది. తెల్ల చుక్క మీద పుప్పొడి రేణువులు లెక్కపెట్టొచ్చు. చుట్టూ అంతా పాలమీగడలా, ఏమీ లేనట్టు.

అన్నయ్య చూశాడు. చెయ్యి తుడుచుకుని మళ్ళీ చూశాడు.

"చాలా బాగుంది. ఎవరి తోటలోది?"

"తోటేంటి అన్నయ్యా, మన సందులోది."

"సందేది ఇందులో? గోడేది? పలకేది? ఆకాశంలో పూసినట్టుంది."

బొంగరం వాదించబోయి ఫోటో వంక చూసింది. నిజమే. సందంతా కరిగి మీగడైపోయింది. పువ్వుంది, పూసిన చోటు లేదు.

సరే, చోటే కదా కావాలి. మర్నాడు ముక్కాలి స్టాండు పట్టుకెళ్ళి, రెండడుగులు వెనక్కి జరిగి, దాని కాళ్ళు పూర్తిగా చాపి నేలకి ఆనించి, కన్నం సూదిమొనంత బిగించింది. గాలి మొదలైంది. ఆ సందులో గాలికి వేరే పని లేదు, ఆమె కోసమే కాచుకున్నట్టుంది. మీట నొక్కితే వీస్తుంది, వేలు తీస్తే ఆగుతుంది. కన్నం తెరిస్తే చోటు పోతుంది, బిగిస్తే పువ్వు ఊగుతుంది. కరవమంటే కప్పకి కోపం, విడవమంటే పాముకి కోపం. కొంగు అడ్డం పట్టింది, కొంగే ఎగిరొచ్చి లెన్స్‌కి ముసుగేసింది. తనే అడ్డం కూర్చుందామంటే కాళ్ళు లేద్దామంటాయి. సందు మొదట్లో సుత్తుల చప్పుడు ఒకటి. కాలువ పలకలు పీకి కొత్త కాంక్రీటు బిళ్ళలు వేస్తున్నారు, మూల దాకా వచ్చేశారు. "ఈ వరసంతా సోమవారం అయిపోతుంది," అన్నాడు మేస్త్రి. పలక పోతే పువ్వూ పోతుంది.

గాలి ఒక్క క్షణం పక్క సందులోకి చూడబోయినప్పుడు మీట నొక్కింది.

ఈసారి అన్నీ వచ్చాయి. గోడ, గోడ మీది పెచ్చులు, పలక, సీసా మూత, నలిగిన బస్సు టికెట్టు, కాలువ నాచు. పువ్వు కూడా వచ్చింది, కాకపోతే టికెట్టు కంటే పెద్దగా ఏం లేదు. అయినా చూపించి "ఇదిగో" అనొచ్చు. స్టూడియోలో నిలబడి, గబగబా సరిచేసి, ప్రింటు తీసి, ఒక్క పరుగున ఇంటికొచ్చింది.

అన్నయ్య భూతద్దం బిగించాడు. గడియారం విప్పినంత నెమ్మదిగా ఆ మూల నుంచి ఈ మూలకి వచ్చాడు. వదిన తలుపు పట్టుకుని నిలబడింది.

"పువ్వుంది," అన్నాడు.

వదిన తలుపు వదిలింది.

"కానీ ఇది ఆ పలక కాదు. ఆ పలక మీద ఆకుపచ్చ మరక ఉండాలి. ఎదురింటివాళ్ళు గేటుకి రంగు వేసినప్పుడు డబ్బా ఒలికింది, వీధంతా ఎరుగుదురు. ఏదీ మరక?"

బొంగరం ఫోటో లాక్కుని చూసింది. మరక లేదు. పలక మొహం సబ్బుపెట్టి కడిగినట్టుంది. అప్పుడు తెలిసింది. తీసేసింది. పుట్టుమచ్చ తీసినట్టు, మొటిమ తీసినట్టు, చెయ్యి దాని అలవాటు కొద్దీ వెళ్ళి పలక మీది మచ్చ తుడిచేసి వచ్చింది. అడగలేదు, చెప్పలేదు. బస్సు టికెట్టు మడత కూడా ఇస్త్రీ చేసినట్టు పోయింది.

మళ్ళీ ఒక్క పరుగున స్టూడియోకి. ముట్టుకోని అసలు బొమ్మ ప్రింటు తీసి, ఆయాసపడుతూ తెచ్చి బల్ల మీద పెట్టింది. ఆకుపచ్చ మరక ఎక్కడిదక్కడే ఉంది.

అన్నయ్య భూతద్దం తీసి పక్కన పెట్టాడు. అద్దం తీశాడంటే ఇక చూడటం అయిపోయినట్టే.

"ఇందాక లేని మరక ఇప్పుడు మొలిచింది."

"ఇందాక నేను చెరిపాను అన్నయ్యా. అలవాటులో."

"ఏమే, టై లేనివాడికి టై కట్టేదానివి. బట్టతల మీద జుట్టు మొలిపించేదానివి. మరక మొలిపించలేవూ? మరక ఏంటి, పువ్వు మాత్రం మొలిపించలేవూ?"

ఇరవై ఏళ్ళ గొప్పలు ఒక్కసారిగా వచ్చి బొంగరం నోరు నొక్కేశాయి. ఆ టై కథ ఆయనకి చెప్పింది ఎవరు? తనే. ఎన్నిసార్లు? విన్నంతసేపూ.

"నా కోసం నువ్వు చేసిన మేలు చాలు తల్లీ," అంది వదిన. "ఇదివరకు నాకొక్కదానికే మతిలేదు. ఇప్పుడు నువ్వు తోడొచ్చావు." నవ్వుతూనే అంది గానీ, లోపలికి వెళ్ళి కొట్టుకి పట్టుకెళ్ళే సంచిలోంచి దారపు రీళ్ళు తీసి డబ్బాలో సర్దడం మొదలుపెట్టింది. ఒక్కో రీలూ డబ్బాలో పడ్డప్పుడల్లా బొంగరం గుమ్మం దాకా వెళ్ళి వచ్చింది.

ఆ సాయంత్రం స్టూడియోకి ఒక కుటుంబం వచ్చింది. తాత నుంచి చంటిపిల్ల దాకా ఒకే ఫోటోలో పట్టాలి. చంటిపిల్లని ముందు కూర్చోబెట్టి, మిగతావాళ్ళని వెనక నిలబెట్టి, వెడల్పు లెన్స్ బిగించి బొంగరం కిందికి వంగింది. పిల్ల మూతి తేటగా ఉంది, వెనక తాత కోపం కూడా తేటగానే ఉంది. "అందరూ కదలకండి," అని, తనే కదలడం మానేసి అలా వంగి ఉండిపోయింది.

"అమ్మా, తీశారా?" అన్నాడు తాత.

ఆ బారు లెన్స్‌తో రెండు రోజులుగా పువ్వుకి పాస్‌పోర్టు ఫోటో తీస్తోంది. పువ్వుకి కావలసింది గ్రూప్ ఫోటో.

ఆదివారం పొద్దున అన్నయ్య కొట్టు తెరవడు. బొంగరం ఆయన మంచం చుట్టూ తిరిగింది.

"నా ఫోటో నమ్మవు. నువ్వే ఫోటోలో ఉంటే నమ్ముతావా?"

"సందులో బోర్లా పడుకోవడానికి నాకేం పని?"

"పడుకోవద్దు. నిలబడు చాలు. పువ్వు ముందు, పలక మధ్య, నువ్వు వెనక. నిన్ను కూడా నేనే అతికించానంటే, ఇక ఈ జన్మలో కెమెరా ముట్టను."

"కూర్చుంటావా?"

"ఆఁ?"

"కెమెరా ముట్టకపోవడం కాదు. నీ మాట అబద్ధమైతే ఒక పూటంతా కదలకుండా కూర్చోవాలి."

బొంగరం మంచం చుట్టూ ఇంకో చుట్టు తిరిగింది. "సరే."

వెళ్తూ వెళ్తూ ఆయన భూతద్దం జేబులో వేసుకున్నాడు. సందులో కొత్త బిళ్ళలు అప్పటికే నాలుగిళ్ళ అవతల దాకా వచ్చేశాయి. బొంగరం వెడల్పు లెన్స్ బిగించి, కెమెరాని పువ్వుకి బెత్తెడు దూరంలో నేలమీదే పెట్టింది. కన్నం మరీ తెరవలేదు, మరీ బిగించలేదు. పువ్వు ముందు, పలక, ఆకుపచ్చ మరక, పక్కన గోడ, వెనక అన్నయ్య ప్యాంటు అంచులు. పువ్వు పెద్దగానే ఉంది, చోటు చోటులాగే ఉంది. ఇక గాలి ఆగాలి, తను ఆగాలి.

"ఏదే నీ పువ్వు?" అన్నాడు పైనుంచి.

"నీ బూటు ముందరే, గోడ వారన."

"కనిపించడం లేదు."

"వంగితే కదా. దాని కోసం వదిన వంగింది. నీకేం, అది వచ్చి నీ కంట్లో దూరాలా?"

ఆయన ముందుకొచ్చి పలక నడిమధ్య నిలబడ్డాడు. పలక బండలా ఉంది. నడుం వంచాడు, చాల్లేదు. గోడకి చెయ్యి ఆనించి ఇంకొంచెం వంగాడు. జేబులోంచి అద్దం తీసి కంటికి బిగించాడు. అప్పుడు కనిపించింది. బొంగరానికి ఆయన మొహం లెన్స్‌లో బిగువు వదిలి పిల్లాడి మొహమైపోవడం కనిపించింది.

"ఐదు రేకులే," అన్నాడు మెల్లగా. "అంచుకి పళ్ళున్నాయి. చిన్న పళ్ళ చక్రంలా... మధ్యలో ఇరుసు... ఎవరు బిగించారే దీన్ని." ఇంకా దగ్గరగా చూడాలని కుడికాలు ఒక్క అంగుళం గోడవైపు జరిపాడు.

పలక ఆ మూల మీద బరువు పడేదాకా బండలా ఉండి, పడగానే తక్కెడలా తూలింది. ఆయన చేతులు గాలిని పట్టుకున్నాయి. గాలి ఆయన్ని పట్టుకోలేదు. కుడికాలు పిక్క దాకా కాలువలో దిగబడింది. బొంగరం వేలు ఆలోచించకుండానే మీట నొక్కేసింది.

నాలుగిళ్ళ అవతల నుంచి పనివాళ్ళలో ఒకడు అరిచాడు, "ఏమైంది సార్?"

అన్నయ్య గోడ పట్టుకుని లేచాడు. పదిమంది చూస్తుండగా మగాడు ఏమంటాడో అదే అన్నాడు.

"ఏం లేదయ్యా. కళ్ళు తిరిగాయి."

అనేసి, తను అన్నది తనే విన్నాడు. కాలువలో కాలు, కంటికి అద్దం, నోట్లో ఆ మాట. బొంగరం నేలమీద నుంచి కదల్లేదు, మాట్లాడలేదు. మాట్లాడితే ఆయన తనతో పోట్లాడేవాడు, ఆ వంకన తప్పించుకునేవాడు. ఆ ఒక్కసారీ ఆమె నోరు కుదురుగా ఉంది.

ఇంటికొచ్చేసరికి వదిన గుమ్మంలో ఉంది. నాచు పట్టిన కాలు చూసి గాభరాగా చెయ్యి చాపింది.

"ఏమైందండీ?"

ఆయన చెల్లెలి వంక చూశాడు. బొంగరం మెట్టు మీద నిలబడి గోడకున్న మేకు వంక చూస్తోంది. వదిన నీళ్ళు తెచ్చి కాలు మీద పోసింది. రెండో చెంబు పోస్తుండగా ఆయన అన్నాడు.

"గోడ పక్క మూల మీద కాలు వేస్తే తూలుతుంది ఆ పలక."

వదిన చెంబు అలాగే పట్టుకుంది.

"పువ్వు ఉంది," అన్నాడు మళ్ళీ. "అమ్మ సంగతి మనసులో ఉండి..." అక్కడ ఆగిపోయాడు. ఆమె మిగతా నీళ్ళు పోసింది. ఇంకేమీ అడగలేదు, డబ్బాలోని దారపు రీళ్ళు తెచ్చి మళ్ళీ సంచిలో వేసుకుంది.

సోమవారం ఆమె సందులోంచే వెళ్ళింది, ఒక్కతే. ఆయన గుమ్మం దాకా వచ్చి, వెంట వెళ్ళబోయి, ఆగి, గడియారం చూసుకుంటున్నట్టు నటించాడు. తర్వాత మేస్త్రి దగ్గరికి వెళ్ళి, కొత్త బిళ్ళ గోడకి పూర్తిగా ఆనించకుండా వేలెడు సందు వదలమని గంటసేపు బతిమాలాడు. మేస్త్రి వదిలాడో లేదో పువ్వు పూసేదాకా తెలీదు.

ఫోటో మాత్రం స్టూడియోలో పెద్ద ప్రింటుగా వేలాడుతోంది. ముందు గుండీ పువ్వు రేకు రేకునా తేటగా. వెనక పలక, పలక మీద ఆకుపచ్చ మరక. ఇంకా వెనక, కొంచెం కరిగీ కరగనట్టు, రెండు చేతులూ పైకెత్తి, నోరు బావిలా తెరిచిన అన్నయ్య. ఫోటోలకొచ్చినవాళ్ళు ముందు పువ్వు చూస్తారు, తర్వాత ఆయన్ని చూసి పడీ పడీ నవ్వుతారు. ఆ నవ్వులు గడియారాల కొట్టు దాకా వినిపించి, ఒక మధ్యాహ్నం ఆయన స్టూడియోకి వచ్చాడు. చుట్టూ చూసి, గొంతు తగ్గించి అడిగాడు.

"ఏమే, కాస్త నోరు మూసినట్టు చెయ్యలేవూ?"

బొంగరం అప్పటికే దీపం దగ్గర్నుంచి తెర దగ్గరికి వెళ్ళిపోయింది. అక్కడ్నుంచే చెప్పింది.

"చెయ్యొచ్చు అన్నయ్యా. కానీ చేస్తే ఎవరూ నమ్మరు."